పచ్చళ్లు, పొడుల యూనిట్ పెంచుతున్నాం: ఏ మెషినరీ నిజంగా పర్యావరణానికి మేలు, ఏది పేరుకే గ్రీన్?

తెనాలి_కారంపొడి:

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మా అక్కా నేనూ కలిసి పొడులు, పచ్చళ్లు, అల్లం వెల్లుల్లి పేస్ట్ చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాం. పక్క షెడ్ ఖాళీ అయితే అది కూడా తీసుకున్నాం, బ్యాంకు లోన్ దాదాపు ఓకే అయినట్టే. ఇప్పుడు కొనాల్సినవి: ఎండుమిర్చికీ పేస్ట్‌కీ ఒక కోల్డ్ రూమ్, పప్పులు వేయించడానికి పెద్ద రోస్టర్, కరివేపాకు, వడియాల్లాంటివి ఆరబెట్టడానికి డ్రయ్యర్, కొత్త ప్యాకింగ్, కుదిరితే రేకుల మీద 10 కిలోవాట్ల సోలార్.

డబ్బు అన్నింటికీ చాలదు. ఏదో ఒకటి రెండు మాత్రమే బాగా ఖర్చు పెట్టి మంచివి కొనగలం, మిగతావి మామూలువే. మా అక్క మాత్రం ఒకే మాట మీద ఉంది, ఇప్పుడు కొన్న మిషన్ పదిహేనేళ్లు తిరుగుతుంది కాబట్టి గాలికీ నీళ్లకీ హాని చేసేది కొంటే పదిహేనేళ్లూ ఆ హాని మనం చేస్తున్నట్టే అని. నాకూ అదే ఉంది మనసులో. మా కాలవ పక్కనే యూనిట్, ఆ నీళ్లతోనే కింద పొలాలు పండుతాయి.

సమస్య ఏంటంటే వచ్చిన ప్రతి సేల్స్ అతనూ తన సరుకే ఎకో ఫ్రెండ్లీ అంటాడు. కోల్డ్ రూమ్ కొటేషన్‌లో గ్యాస్ ఆర్404ఏ అని ఉంది, "ఓజోన్ సేఫ్" అని పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మ వేశారు. రోస్టర్ వాళ్లు గ్యాస్ పొయ్యి మానేసి కరెంటు రోస్టర్ పెట్టండి, పొగే ఉండదు అంటున్నారు. ప్యాకింగ్ వాళ్లు కాగితం పౌచ్ చూపించి బయోడిగ్రేడబుల్ అంటున్నారు. ఇందులో ఏది నిజం? ముందు దేని మీద ఖర్చు పెట్టాలి? ఈ ఫీల్డ్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోల్డ్‌రూమ్_బెజవాడ:

తమ్ముడూ, నేను కోల్డ్ రూములు బిగించి, రిపేర్లు చేసే పనిలోనే ఉన్నా, కాబట్టి నా సంగతి వరకే చెప్తా, కానీ ఇదే మీ మొత్తం లిస్టులో పెద్ద విషయం అని నా నమ్మకం.

ఆర్404ఏ ఓజోన్‌కి హాని చేయదు, ఆ మాట నిజమే. వాళ్లు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పుట్టిస్తుంది. మీ సైజు రూమ్‌కి ఐదు కిలోల గ్యాస్ పట్టిందనుకోండి, ఒక జాయింట్ లీకై అదంతా పోయిందనుకోండి, దాదాపు 19,600 కిలోల కార్బన్ డయాక్సైడ్ అయినట్టు. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు వేసుకుంటారు. ఆ లెక్కన ఒక్క లీకు 28,000 యూనిట్లతో సమానం. మీరు పెడదామనుకుంటున్న 10 కిలోవాట్ల సోలార్ మన ఎండల్లో ఏడాదికి 14,000 యూనిట్లు పైచిలుకు ఇస్తుంది. అంటే రేకుల మీద సోలార్ రెండేళ్లు కష్టపడి ఆపిన కాలుష్యం, కింద ఒక నట్ వదులైతే ఒక్క రాత్రిలో పోతుంది. సోలార్ బయటికి కనిపిస్తుంది కాబట్టి ఫొటోలు తీస్తారు, గ్యాస్ కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు.

మరి ఏం కొనాలి అంటే, గుంటూరు చుట్టూ ఉన్న పెద్ద మిర్చి కోల్డ్ స్టోరేజీలు అమోనియా మీద నడుస్తాయి. అమోనియా వల్ల భూమి వేడెక్కడం సున్నా, కరెంటు కూడా తక్కువ తాగుతుంది. కానీ విషవాయువు, అది మీ సైజుకి వద్దు, చూసుకోవడానికి ట్రైనింగ్ ఉన్న మనిషి ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. చిన్న రూముకి ఆర్290, అంటే ప్రొపేన్ మీద నడిచే యూనిట్లు అడగండి. దాని లెక్క కిలోకి 3 దగ్గర, 3,900 ఎక్కడ, 3 ఎక్కడ. ఒకటే జాగ్రత్త, అది మండే గ్యాస్. తక్కువ గ్యాస్‌తో ఫ్యాక్టరీలోనే సీల్ చేసి వచ్చే మోడల్ తీసుకోండి, దాన్ని రోస్టర్ మంట ఉన్న గదికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టించండి. అది దొరక్కపోతే కనీసం ఆర్134ఏ అడగండి, అది 1,430, మంచిదని కాదు గానీ 404తో పోలిస్తే మూడో వంతు.

ఇంకో కారణం కూడా ఉంది. మన దేశం కిగాలీ ఒప్పందానికి 2021లో ఆమోదం తెలిపింది, 2032 నుంచి ఆర్404ఏ, ఆర్134ఏ లాంటి ఈ హెచ్ఎఫ్‌సీ గ్యాసుల్ని తగ్గించుకుంటూ రావాలి. మీ కంప్రెసర్ అప్పటికి మంచి వయసులో ఉంటుంది. ఇలాగే తగ్గించేస్తూ వస్తున్న పాత గ్యాస్ ఆర్22 మిషన్ల వాళ్లు గ్యాస్ కోసం పడుతున్న పాట్లు నేను రోజూ చూస్తున్నా, మీకు ఆ టెన్షన్ ఎందుకు.

ఫ్యాక్టరీలో సీల్ చేసింది కాకుండా ఇక్కడే పైపులు వేసి గ్యాస్ నింపే యూనిట్ అయితే, బిగించే రోజు దగ్గరుండి మూడు పనులు చేయించుకోండి. పైపు జాయింట్లు వీలైనంతవరకు నట్ బిగింపు కాకుండా వెల్డింగ్ చేయించండి. గ్యాస్ కొట్టే ముందు నైట్రోజన్ ప్రెషర్ పెట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున ఎండకీ చలికీ వచ్చే కొద్దిపాటి తేడా కాకుండా గేజ్ ముల్లు ఇంకా కిందికి దిగిందేమో మీరే చూడండి. రిపేర్‌కి వచ్చినవాడు పాత గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగాలని ముందే కాగితం మీద రాయించుకోండి. తర్వాత నెలకోసారి జాయింట్ల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే చాలు, నూనె జిడ్డు తగిలిందంటే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే.

అన్నట్టు మిర్చినీ పేస్ట్‌నీ ఒకే గదిలో పెడుతున్నారా? ఎండుమిర్చికి పేస్ట్‌కి కావలసినంత చలి అక్కర్లేదు. మధ్యలో ప్యానెల్ కొట్టి రెండు గదులు చేయండి. కాయిల్ ఒక డిగ్రీ తక్కువ చల్లగా నడిచినా కరెంటు సుమారు 3 శాతం మిగులుతుంది.

యూనిట్_లెక్కలు:

పైన బెజవాడ అన్న చెప్పిన లెక్క కరెక్టే, నేను ఎనర్జీ ఆడిట్ పనిలో ఉన్నా, హైదరాబాద్. రోస్టర్ సంగతి నేను చెప్తా ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు.

కరెంటు రోస్టర్‌కి మీ షెడ్‌లో పొగ ఉండదు, నిజమే. ఆ పొగ వేరే ఊళ్లో థర్మల్ ప్లాంటు చిమ్నీలోంచి వస్తుంది. ఒక కిలో ఎల్‌పీజీ కాలిస్తే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, దాంట్లోంచి వచ్చే వేడి దాదాపు 12.7 యూనిట్ల కరెంటుతో సమానం. అంటే యూనిట్ వేడికి 0.24 కిలోలు. మీ పాత పొయ్యి మీద సగం వేడి బయటికే పోతుందనుకున్నా 0.48. గ్రిడ్ కరెంటుతో హీటర్ కాయిల్ వేడి చేస్తే 0.7. ఇప్పుడున్న గ్రిడ్‌తో రాత్రిపూట కరెంటు రోస్టర్ నడిపితే గ్యాస్ కంటే ఎక్కువ నష్టం చేస్తున్నట్టు. సోలార్ ఉండి, పగటిపూట ఆ సోలార్ మీదే వేయిస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది, అప్పుడు కరెంటుదే పైచేయి. గ్రిడ్‌లో కూడా ఏటా సోలార్, గాలి కరెంటు పెరుగుతోంది కాబట్టి ఐదారేళ్లలో ఈ తేడా మారొచ్చు.

కాబట్టి ఇప్పటికి చుట్టూ మందంగా ఇన్సులేషన్ ఉన్న డ్రమ్ రోస్టర్, మంచి బర్నర్‌తో గ్యాస్ మీదే తీసుకోండి. డ్రమ్ బయటి రేకు మీద చెయ్యి పెట్టగలిగేలా ఉండాలి, పెట్టలేకపోతే మీ డబ్బు అక్కడ కాలుతోంది. తర్వాత సోలార్ పెట్టాక హీటర్‌కి మార్చుకునే వీలున్న మోడల్ ఉందేమో అడగండి.

ఒకటి మాత్రం చాలా ముఖ్యం. ఏదీ కొనకముందు పాత బిల్లులు ముందు పెట్టుకోండి. కరెంటు, సిలిండర్లు, జనరేటర్ డీజిల్ అన్నీ నెలవారీగా ఒక కాగితం మీద రాసి, ఎన్ని కిలోల సరుకు తయారైందో పక్కన రాయండి. కిలో సరుకుకి ఎంత ఖర్చవుతోందో తెలిస్తేనే ఏ మిషన్ మార్చాలో తెలుస్తుంది. డీజిల్ లీటరుకి 2.7 కిలోల దాకా వేసుకోండి. చాలా యూనిట్లలో అసలు దొంగ ఎవరూ అనుకోని చోట ఉంటాడు, మిర్చి మర దగ్గర దుమ్ము లాగే బ్లోయర్ ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిరుగుతూ ఉంటుంది చూడండి, అలాంటిది. బ్లోయర్‌కి, పంపుకి వీఎఫ్‌డీ, అంటే మోటర్ స్పీడు మార్చే పరికరం పెట్టి స్పీడు 20 శాతం తగ్గిస్తే కరెంటు సగానికి దగ్గరగా పడిపోతుంది. మరకి మాత్రం అలా పనిచేయదు, దానికి లోడ్ వేరు, అక్కడ కరెంటు తక్కువ తాగే ఐఈ3 రకం మోటర్ తీసుకుంటే చాలు.

నిజం_మాట్లాడదాం:

నాదో సూటి ప్రశ్న. ఊరిచివర చిన్న యూనిట్ ఎంత చేసినా పెద్ద కంపెనీలు చేసేదాంట్లో ఇది ఎంత? కొనేవాడు ప్యాకెట్ మీద రేటు చూస్తాడు గానీ కోల్డ్ రూమ్‌లో ఏ గ్యాస్ ఉందో చూస్తాడా? ముందు వ్యాపారం నిలబెట్టుకోండి తర్వాత చూద్దురుగాని.

తెనాలి_కారంపొడి:

అన్నా, మీ మాటలో కొంత నిజం ఉంది, కొనేవాళ్లు చూడరు. కానీ మేం చేసేది వాళ్లు చూడాలని కాదు. కోల్డ్ రూమ్ తర్వాత కొంటాం అంటే తర్వాత కొనం, ఒకసారి బిగించాక ఇంక అదే. మార్చడానికి వీలున్నది ఇప్పుడే కాబట్టే ఇప్పుడు అడుగుతున్నా. పైగా ఇక్కడివాళ్లు చెప్పినవాటిలో సగం మాకు డబ్బు మిగిల్చేవే.

ప్యాకింగ్, డ్రయ్యర్ గురించి ఎవరైనా చెప్తారా?

పౌచ్_ప్యాకింగ్_వసంత:

తమ్ముడూ, ఆ కాగితం పౌచ్‌ని ఒకటి కత్తెరతో కోసి, అంచు నీళ్లల్లో నానబెట్టి మెల్లగా లాగి చూడు. బయట కాగితం, లోపల మెరిసే పొర, దాని లోపల ఇంకో ప్లాస్టిక్ పొర కనిపిస్తాయి. పొడికి తేమ, గాలి తగలకుండా ఉండాలంటే ఆ పొరలు లేకుండా కుదరదు. కాగితం, ప్లాస్టిక్ కలిపి అంటించాక దాన్ని కాగితం వాళ్లూ తీసుకోరు, ప్లాస్టిక్ వాళ్లూ తీసుకోరు. చెత్త ఏరేవాళ్ల సంచిలోకి కూడా వెళ్లదు. చూడటానికి చేనేత సంచిలా ఉంటుంది, అందుకే అందరూ పడిపోతారు.

కంపోస్టబుల్ అనేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లని ఐఎస్ఓ 17088 ప్రకారం టెస్ట్ అయిందా, సీపీసీబీ (కేంద్ర పొల్యూషన్ బోర్డు) సర్టిఫికెట్ ఉందా అని అడుగు. ఉన్నా కూడా అది పెద్ద కంపోస్ట్ ప్లాంటులో, 58 డిగ్రీల వేడి దగ్గర కుళ్లేలా చేసిన సరుకు. మీ కాలవలో పడితే అంత తొందరగా కరగదు.

నా సలహా: ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన పౌచ్. పీఈ అయితే మొత్తం పీఈనే, పీపీ అయితే మొత్తం పీపీనే. ఇప్పుడు గాలిని ఆపే పలచని పొర కలిపి కూడా ఒకే రకంలో చేస్తున్నారు, తీసుకునేవాళ్లు ఉంటే రీసైకిల్‌కి వెళ్తుంది. కాకపోతే పాత ఫాయిల్ పౌచ్ అంత గట్టిగా కాపాడదు, అందుకని ఊరికే మార్చేయకు. కందిపొడి, నువ్వులపొడి, కొబ్బరిపొడి మూడింటినీ కొత్త పౌచ్‌లో, పాత పౌచ్‌లో వేసి ఎండాకాలం మొత్తం షెల్ఫ్ మీద ఉంచి వాసన, రుచి చూడు, ల్యాబ్‌లో నూనె ఎంత పాడైందో చెప్పే పెరాక్సైడ్ వాల్యూ తీయించు. నువ్వులపొడి, కొబ్బరిపొడి ముందు చేదెక్కుతాయి. చేదెక్కిన పొడి పారేస్తే అందులో పోసిన నువ్వులు, వేయించిన గ్యాస్, మరాడించిన కరెంటు, అన్నీ పారేసినట్టే. ప్రపంచం మొత్తం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 8 నుంచి 10 శాతం వృథా అయిన తిండి వల్లే అని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం చెప్తోంది. అందుకే కొబ్బరిపొడికి ఫాయిలే ఉంచాల్సి వస్తే ఉంచు, తప్పేం లేదు, నిల్వ గడువు తక్కువగా పెట్టుకుని పౌచ్ మార్చగలిగితే ఇంకా మంచిది.

పచ్చళ్లకి గాజు సీసా గురించి అడుగుతావేమో. తెనాలి, గుంటూరులో అమ్మి ఖాళీ సీసా వెనక్కి తీసుకుని కడిగి వాడగలిగితే గాజుని మించింది లేదు. అమెరికా, దుబాయ్ పంపేటట్టయితే బరువు మోయడానికే బోలెడు ఇంధనం, దానికి పెట్ ప్లాస్టిక్ జాడీ నయం, పెట్‌కి పాత సామాన్ల దగ్గర కూడా రేటు ఉంది. లేబుల్ సులువుగా ఊడే జిగురుతో అంటించండి.

టమాటా_మదనపల్లె:

డ్రయ్యర్ గురించి నేను చెప్తానండీ. మాది మహిళా గ్రూపు, టమాటా ధర పడిపోయినప్పుడు రోడ్డు పక్కన పారబోసే కాయలు కొని ముక్కలు కోసి ఆరబెట్టి పొడి చేస్తాం. టమాటాలో 94, 95 శాతం నీళ్లే కదా, ఇరవై కిలోలు ఆరబెడితే కిలో కాస్త అటూఇటూ. అన్ని నీళ్లు ఆవిరి చేయడానికి కరెంటు హీటర్ పెడితే బిల్లు చూసి ఏడుపొస్తుంది. అందుకే పాలీకార్బొనేట్ రేకుల సోలార్ టన్నెల్ పెట్టుకున్నాం, లోపల 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది, గాలి లాగే ఫ్యాన్లకి చిన్న ప్యానెల్.

కరివేపాకుకి మాత్రం నేరుగా ఎండ తగలనీయకండి, రంగు పోయి గడ్డిలా అవుతుంది. టన్నెల్ పైన నల్ల షేడ్ నెట్ వేస్తే ఆకుపచ్చగా ఉంటుంది. ట్రేలలో ఒక్క వరసే పరచాలి, కుప్పగా పోస్తే అడుగున బూజు పడుతుంది. నేల మీద కళ్లాల్లో ఎండబెట్టే మిర్చి కన్నా దుమ్ము, పురుగు లేకుండా వస్తుంది, బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం భయం తగ్గుతుంది, ఎగుమతికి అది పెద్ద సంగతి.

వానాకాలం ఏం చేస్తారు అని అడుగుతారు. మా దగ్గర వానలు తక్కువ కాబట్టి సరిపోతోంది, మీది డెల్టా, ముసురు పడితే మూడు రోజులు ఎండ ఉండదు, తేమ కూడా ఎక్కువ. మీకు సోలార్ టన్నెల్‌కి తోడు చిన్న హీట్ పంప్ డ్రయ్యర్ ఉండాలి. అది ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది, హీటర్ కాయిల్‌లాగా కాదు. ఖరీదు ఎక్కువే. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ బ్యాంకు లోన్‌తో ముడిపెట్టి ఇచ్చేవారు, ఇప్పుడు ఇస్తున్నారో లేదో కనుక్కోండి. మీ లోన్ ఫైనల్ కాకముందే ఆ పథకం పని చూసే జిల్లా రిసోర్స్ పర్సన్‌ని కలవండి, తర్వాత అడిగితే కష్టం.

చిత్తూరు_గుజ్జు:

అందరూ గాలి గురించే చెప్పారు, నీళ్ల గురించి ఎవరూ అనలేదు, కాలవ పక్కన అన్నారు కదా కాబట్టి. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నీళ్ల శుద్ధి చూస్తాను. పండ్లు కడిగిన నీళ్లు బాక్టీరియాతో శుభ్రం అవుతాయి, పచ్చడి ఊటా ఉప్పునీళ్లూ అవవు. ఉప్పుని ఏ బాక్టీరియా తినదు, మామూలు ఈటీపీ (వాడిన నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) లోంచి ఉప్పు ఉప్పుగానే బయటికొస్తుంది, పొలంలోకి వెళితే నేల చౌడు బారుతుంది. మాగాయ ఊట, ఉసిరికాయ నానబెట్టిన ఉప్పునీళ్లు ముందే వేరే డ్రమ్ములో పట్టి వడగట్టి, ఉప్పు శాతం చూసుకుని తర్వాతి బ్యాచ్‌కి వాడండి. వాడలేనిది పలచని సిమెంటు తొట్టిలో ఎండకి ఆరనిచ్చి ఉప్పు గీకేయండి, తొట్టి మీద వాన పడకుండా రేకు ఉండాలి. దీనికి పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేదు, డ్రైనేజీ పైపులు రెండుగా వేయాలంతే. షెడ్ నేల పోయకముందు ఈ పని చేయించండి, పోశాక పగలగొట్టాల్సి వస్తుంది. పొల్యూషన్ బోర్డు సీఎఫ్ఈ (యూనిట్ పెట్టడానికి అనుమతి) అప్లికేషన్‌లో కూడా నీళ్లు ఎటు పోతాయో గీసి చూపించాలి కదా, ఆ డ్రాయింగ్‌లోనే రెండు లైన్లు వేయించేయండి.

తెనాలి_కారంపొడి:

అక్కతో కూర్చుని అన్నీ చదివాం. ఆమె బిల్లుల కట్ట బయటికి తీసి రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికి అనుకున్నది ఇది. ఎక్కువ డబ్బు కోల్డ్ రూమ్ మీద పెడతాం, ఆర్290 యూనిట్, రెండు గదులు. నేల పోసే మేస్త్రీకి ఫోన్ చేసి ఆగమన్నాం, ఉప్పునీళ్ల పైపు వేరే వేస్తాం. రోస్టర్ గ్యాస్ మీదే, ఇన్సులేషన్ ఉన్నది. టన్నెల్ ఈ ఎండాకాలానికి, హీట్ పంప్ సబ్సిడీ వస్తే. సోలార్ వచ్చే ఏడాదికి. పౌచ్ మాత్రం నువ్వులపొడితో టెస్ట్ చేశాకే.

బెజవాడ అన్నా, ఒక డౌటు. ఆర్290 కొటేషన్ అడిగితే ఇద్దరు డీలర్లు అది పేలిపోతుంది, మేం పెట్టం అన్నారు. ఒకాయన ఆర్404ఏ రూమ్ పెట్టించుకుని తర్వాత అందులోకే ప్రొపేన్ ఎక్కిస్తా అంటున్నాడు, చవకగా అయిపోతుందట.

కోల్డ్‌రూమ్_బెజవాడ:

ఆ మూడో మనిషిని మాత్రం మీ షెడ్‌లోకి రానివ్వకండి. 404 కోసం చేసిన మిషన్‌లో స్విచ్‌లు, రిలేలు, ఫ్యాన్ మోటర్లు నిప్పురవ్వ రాకుండా చేసినవి కావు, గ్యాస్ కూడా పరిమితికి మించి పట్టేస్తుంది. అందులో ప్రొపేన్ ఎక్కించడం ప్రమాదం, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదు. ప్రొపేన్ కోసమే తయారైన, నేమ్ ప్లేట్ మీద ఆర్290 అని, గ్యాస్ ఎన్ని గ్రాములో రాసి ఉన్న యూనిట్ మాత్రమే. ఇప్పుడు కొత్తగా వచ్చే ఇళ్ల ఫ్రిజ్‌లలో చాలావరకు ఉండే ఆర్600ఏ కూడా మండే గ్యాసే, మనందరం వంటింట్లో పెట్టుకునే ఉంటున్నాం కదా. డీలర్‌కి అలవాటు లేక భయపెడుతున్నాడు.

ప్యానెళ్లు కొనేటప్పుడు లోపలి ఫోమ్ సైక్లోపెంటేన్‌తో చేసిందా అని కూడా అడగండి, ఇదివరకు ఓజోన్‌కి హాని చేసే హెచ్‌సీఎఫ్‌సీ 141బీ వాడేవాళ్లు, మన దేశంలో 2020 జనవరి నుంచి అది బంద్. మందం 100 ఎంఎం తీసుకోండి. రూమ్ కొలతలు, రోజుకి ఎన్ని కిలోల పేస్ట్ లోపలికి వెళ్తుందో, పేస్ట్ లోపలికి వెళ్లేటప్పుడు ఎంత వేడిగా ఉంటుందో ఇక్కడ రాయండి, ఎన్ని ఆర్290 యూనిట్లు పెట్టాలో నేను లెక్క వేసి చెప్తా.